ఉప్పల్ చౌరస్తా, ఒంట్లో చౌరస్తా



ఉప్పల్ చౌరస్తా తెలియని హైదరాబాదు ఇల్లాలు వుండదు. వరంగల్లు బస్సు ఎక్కాలన్నా, యాదగిరిగుట్ట మొక్కు తీర్చుకోవాలన్నా అక్కడికి చేరాల్సిందే. హబ్సిగూడ నుంచీ, రామంతాపూర్ నుంచీ, నాగోలు నుంచీ వచ్చిన బండ్లన్నీ అక్కడ కలిసి మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఒక దారికి ఎక్కువసేపు పచ్చదీపం ఇస్తే రెండో దారిలో వాళ్ళు ఉసూరుమంటూ నిలబడాలి. మన ఒంట్లో కూడా అచ్చం ఇలాంటి చౌరస్తా ఒకటి వుంది. ఈవేళ దాని సంగతే చెప్పుకుందాం.

ఆ చౌరస్తా పేరు ఆర్జినైన్. పేరు విని కంగారు పడకండి. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, వేరుసెనగ గుళ్ళు – వీటిలోని మాంసకృత్తులు అరిగినప్పుడు అవి ఇరవై రకాల చిన్న చిన్న ముక్కలుగా విడిపోతాయి. వాటినే అమైనో ఆమ్లాలంటారు. ఆర్జినైన్ వాటిలో ఒకటి. దాని దగ్గర్నుంచి ఒక దారి యూరియా వైపు పోతుంది. అది ఒంట్లో చెత్తను బయటకు పంపే దారి. ఇంకో దారి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వైపు పోతుంది. అది రక్తనాళాలను సడలించి బ్లడ్ ప్రెషరును అదుపులో వుంచే దారి. చెత్త తీసే పనివాళ్ళలో ఇద్దరు ముగ్గురు రెండో దారిలో కూడా చెయ్యి పెడతారు. అందుకని యూరియా పని చెడిన మనిషికి బి.పి. కూడా చెడవచ్చు. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అంటారా? నెమ్మదిగా చెబుతాను.

యూరియా అనగానే ఎరువుల బస్తా గుర్తు రావడం సహజమే. ఆ బస్తాలోని తెల్లని గుళికలూ, మన మూత్రంలో కరిగిపోయే పదార్థమూ రసాయనికంగా ఒక్కటే. పెద్ద మనిషి ఒంట్లోంచి రోజుకు 20 నుంచి 30 గ్రాముల దాకా యూరియా ఇలా వెళ్ళిపోతూ వుంటుంది. అసలు అంత యూరియా ఎందుకు తయారు కావాలి? పసిపిల్లల పక్కగుడ్డ తడిసి చాలాసేపు వుండిపోతే ఘాటైన వాసన వస్తుంది చూడండి, అది అమోనియా. గుడ్డ మీది సూక్ష్మజీవులు యూరియాను మళ్ళీ విరిచేస్తే వచ్చే వాసన అది. మాంసకృత్తులు ఖర్చయినప్పుడల్లా మన ఒంట్లోనూ ఈ అమోనియా పుడుతుంది. మెదడుకు అది విషం. అందుకే కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు పట్టుకుని, సాధువైన యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో 1932లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో హాన్స్ క్రెబ్స్ అనే డాక్టరూ, కుర్ట్ హెన్సెలైట్ అనే వైద్య విద్యార్థీ కనిపెట్టారు. (ఇంత పని చేసిన క్రెబ్స్ గారిని మరుసటి సంవత్సరమే యూదుడన్న కారణం చూపి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన ఇంగ్లండు వెళ్ళి, 1953లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, మరో పరిశోధనకు.) వాళ్ళు చెప్పినదాన్ని వంటింటి భాషలో చెప్పుకుంటే ఇది పెరుగు తోడు వ్యవహారం. రోజూ పాలలో నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తాం. తోడుకున్నాక రేపటి కోసం మళ్ళీ ఒక చెంచా తీసి వుంచుతాం. కాలేయంలో ఆ తోడు లాంటిది ఆర్నిథైన్ అనే పదార్థం. మొదటి ఎంజైము అమోనియాను పట్టి సిద్ధం చేస్తుంది. రెండోది దాన్ని ఆర్నిథైన్‌కు కలిపితే సిట్రులిన్ అవుతుంది. మూడోది దానికి ఇంకొక నత్రజని ముక్కను జతచేసే పదార్థాన్ని అతికిస్తుంది. నాలుగోది ఆ అతుకును కత్తిరిస్తే మన ఆర్జినైన్ బయటపడుతుంది. ఐదోదైన ఆర్జినేజ్ ఆర్జినైన్‌ను రెండుగా కోస్తుంది. ఒక ముక్క యూరియా. రెండో ముక్క మళ్ళీ ఆర్నిథైన్, అంటే రేపటి తోడు. మొదటి పనివాడిని నిద్ర లేపడానికి ఇంకొక సహాయకుడు కూడా వున్నాడు, వాడి జోలికి ఇప్పుడు పోవద్దు. ఈ ఐదింటిలో మూడు, నాలుగు, ఐదు నంబర్లను మాత్రం గుర్తు పెట్టుకోండి. కథంతా వాటిదే.

ఇక రెండో దారి. గుండెజబ్బు వున్న పెద్దవాళ్ళ జేబులోనో, తలగడ కిందో ఒక చిన్న మాత్ర వుంటుంది. గుండెలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకుంటారు. ఆ జాతి మాత్రల్లో మొట్టమొదటిది నైట్రోగ్లిసరిన్. డైనమైటు తయారీకి ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వాడింది ఆ పదార్థాన్నే. చివరి రోజుల్లో ఆయనకే గుండెజబ్బు చేస్తే డాక్టర్లు దాన్నే మందుగా రాశారు. విధి తనను వెక్కిరిస్తున్నట్టుందని ఆయన అనుకున్నాడట. అది ఎందుకు పని చేస్తుందో మాత్రం ఆ తర్వాత ఎనభై ఏళ్ళ దాకా ఎవరికీ తెలియలేదు. ఈ మందుల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుందని 1977లో ఫెరీద్ మురాద్ చూపించాడు. రక్తనాళం లోపలి పొరను గీకేస్తే ఆ నాళానికి సడలే శక్తి పోతుందనీ, కాబట్టి ఆ పొర ఏదో కబురు పంపుతోందనీ 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చెప్పాడు. ఆ కబురు నైట్రిక్ ఆక్సైడేనని 1987లో తేలింది. అది ఆర్జినైన్ నుంచి పుడుతుందని 1988లో సాల్వడోర్ మోంకడా బృందం నిరూపించింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మోంకడాకు రాలేదు. నాకైతే అది అన్యాయమనే అనిపిస్తుంది.

ఈ వాయువు మనకు పరాయిది కాదు. ఉప్పల్ రోడ్డు మీద బండ్ల పొగలోనూ వుంటుంది. అక్కడ అది హాని చేస్తుంది. ఒంట్లో పుట్టేది అణుమాత్రం, బతికేది కొన్ని సెకన్లు. ఆ కాస్త సేపట్లోనే పక్కనున్న కండరానికి 'వదులు కా' అని చెప్పి మాయమవుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర మత్తుకు పీల్పించే వాయువు వేరు. పేర్లు దగ్గరగా వున్నాయని రెండూ ఒకటనుకోకండి.

ఇప్పుడు రెండు దారులనూ కలిపి చూడండి. రక్తనాళం పొరలోని ఎంజైము ఆర్జినైన్‌ను తీసుకుని నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలిపెడుతుంది. అది పోగా మిగిలేది సిట్రులిన్, ఇందాక కాలేయంలో చూసిన సిట్రులినే. దాన్ని పారెయ్యరు. యూరియా పనిలోని మూడో పనివాడూ, నాలుగో పనివాడూ ఇక్కడ కూడా వుండి దాన్ని మళ్ళీ ఆర్జినైన్‌గా మార్చి అందిస్తారు. యూరియా చక్రం పూర్తిగా తిరిగేది కాలేయంలోనే అయినా ఈ ఇద్దరూ ఇంచుమించు ఒళ్ళంతా వుంటారు. మూత్రపిండాల్లో మరీ ఎక్కువ. పేగుల్లో తయారైన సిట్రులిన్‌ను ఆర్జినైన్‌గా మార్చి ఒళ్ళంతటికీ పంచేది అక్కడే.

ఐదో పనివాడు ఆర్జినేజ్ తీరు వేరు. వాడు పోటీదారు. ఆర్జినైన్ కనబడితే చాలు, కోసి యూరియా వైపు తోసేస్తాడు. కాలేయంలో అది వాడి ధర్మం. కాని రక్తనాళాల గోడల్లో వాడి జోరు ఎక్కువైతే నైట్రిక్ ఆక్సైడ్‌కు ముడిసరుకు కరువవుతుంది. మధుమేహం, అధిక రక్తపోటు వున్నవాళ్ళ నాళాల్లో ఇది జరుగుతున్నట్టు పరిశోధనల్లో కనబడింది. సికిల్‌సెల్ రక్తహీనతలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మన ఆదిలాబాదు గోండు, కోలాము కుటుంబాల్లో వున్న జబ్బు అది. ఎర్ర రక్తకణాల లోపల ఆర్జినేజ్ దాగి వుంటుంది. ఈ జబ్బులో కణాలు చిట్లుతూ వుంటాయి. చిట్లినప్పుడు ఆర్జినేజ్ రక్తంలోకి ఒలికి ఆర్జినైన్‌ను తినేస్తుంది. దానితోపాటు ఒలికిన హిమోగ్లోబిన్ అప్పటికే పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. పుట్టేదీ తగ్గె, పుట్టినదీ పోయె. ఆ పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరగడానికి ఇదొక కారణం.

ఇక నాలుగో పనివాడి కథ. ఆ ఎంజైము పేరు ఆర్జినినోసక్సినేట్ లయేజ్. పలకడం కష్టం కాబట్టి నాలుగో పనివాడనే అందాం. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఇది లేకుండా, లేదా బాగా తక్కువగా పుడతారు. వాళ్ళకు అమోనియా పేరుకుంటుంది. ఆర్జినైన్ తయారు కాదు గనుక దాన్ని మందుగా ఇస్తారు, తిండిలో మాంసకృత్తులను కొలిచి పెడతారు. కొందరిలో జుట్టు పెళుసుగా, ముట్టుకుంటే విరిగేట్టు వుంటుంది. తల దువ్వే తల్లి కంటికి ముందుగా కనబడే గుర్తు ఇది. డాక్టర్లకు అంతుపట్టని విషయం ఇంకొకటి వుండేది. అమోనియా అదుపులో వున్న పిల్లల్లోనూ కొందరికి చిన్న వయసులోనే బి.పి. ఎందుకు పెరుగుతోంది? ఆర్జినైన్ ఇస్తూనే వున్నాం కదా, నైట్రిక్ ఆక్సైడ్‌కు లోటేమిటి?

దీనికి జవాబు 2011లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు చెప్పారు. నాలుగో పనివాడు ఆర్జినైన్ తయారు చెయ్యడంతో సరిపెట్టుకోడు. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమునూ, ఆర్జినైన్‌ను కణంలోకి మోసుకొచ్చే వాహకాన్నీ, మూడో పనివాడినీ ఒకచోట చేర్చి పట్టివుంచే గుంజ కూడా వాడే. గుంజ లేకపోతే పందిరి నిలవదు. బయటినుంచి ఎంత ఆర్జినైన్ పోసినా నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైముకు అది అందదు. 2012లో అదే బృందం, ఎన్ని మందులు వాడినా బి.పి. తగ్గని ఒక కుర్రవాడికి నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా అందించే మందు ఇచ్చి తగ్గించగలిగింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రల జాతి మందే అది.

మొదటి పనివాడికీ ఈ కథలో పాలుంది. బిడ్డ పుట్టి తొలి ఊపిరి తీసుకోగానే ఊపిరితిత్తుల్లోని నాళాలు తెరుచుకోవాలి. కొందరికి తెరుచుకోవు, ఒళ్ళు నీలమవుతుంది. అలాంటి పసివాళ్ళ రక్తంలో ఆర్జినైనూ, నైట్రిక్ ఆక్సైడ్ జాడలూ తక్కువగా వున్నాయనీ, మొదటి ఎంజైములో వంశపారంపర్యంగా వచ్చే చిన్న తేడాకూ దీనికీ సంబంధం వుందనీ 2001లో నాష్‌విల్ నగరంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. ఇలాంటి బిడ్డలకు పెద్ద ఆస్పత్రుల్లో నైట్రిక్ ఆక్సైడ్ వాయువునే కొలిచి పీల్పిస్తారు.

అయితే ఆర్జినైన్ కొనుక్కుని తాగితే పోలా అని మీలో ఎవరికైనా తోచవచ్చు. పొట్టలో బిడ్డ బరువు చాలదనో, ఉమ్మనీరు తక్కువనో గర్భిణులకు ఆర్జినైన్ పొడి ప్యాకెట్లు రాయడం మన దగ్గర మామూలే. డాక్టరమ్మ చూసి రాస్తే సరే. కాని పక్కింటావిడ వాడిందని మనమూ వాడకూడదు. నోటితో తీసుకున్న ఆర్జినైన్‌లో చాలా భాగాన్ని పేగుల్లోనూ, కాలేయంలోనూ వున్న ఆర్జినేజ్ దారిలోనే కోసేస్తుంది. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్ళకు అమెరికాలో ఆర్జినైన్ ఇచ్చి చూశారు. ఏమీ మేలు జరగకపోగా ఆ మందు తీసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో ఎవరూ పోలేదు. ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. కండలు పెరుగుతాయని కుర్రాళ్ళు డబ్బాలకు డబ్బాలు పొడి కొనుక్కొస్తున్నారు గదా, ఇంట్లో గుండెజబ్బు మనిషికి కూడా ఒక చెంచా కలిపి ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

సిట్రులిన్ ఇంకో రకం. కాలేయం దాన్ని ఆపదు, అది నేరుగా మూత్రపిండాలకు పోయి ఆర్జినైన్ అవుతుంది. దీన్ని 1914లో జపానులో మొదటిసారి వేరుచేసింది పుచ్చకాయ రసం నుంచి. పుచ్చకాయ శాస్త్రీయ నామం సిట్రులస్, ఆ పేరే దీనికి పెట్టారు. ఎర్రటి గుజ్జులోనే కాదు, మనం పారేసే తెల్లని చెక్కులోనూ వుంటుంది. ఆ చెక్కుతో కూరా, పచ్చడీ చేసే ఇళ్ళు వున్నాయి, సొరకాయలాగే వుంటుంది. పుచ్చకాయ తిని బి.పి. మాత్ర మానెయ్యమని నేను అనడం లేదు. చక్కెర జబ్బు వున్నవాళ్ళు ఎంత తినాలో డాక్టరును అడగాలి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేటు నుంచి కూడా నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. ఆర్జినైన్‌తో పని లేని అడ్డదారి అది. ఆ నైట్రేటును మొదట మార్చి పెట్టేది మన నాలుక మీది సూక్ష్మజీవులే. అందుకని సూక్ష్మజీవులను చంపే మందునీళ్ళు పూటపూటా అవసరం లేకుండా పుక్కిలించడం మంచిది కాదు.

ఇప్పుడు మళ్ళీ మన ఉప్పల్‌కు వద్దాం. డి.ఎన్.ఎ. పరీక్షలో నేరస్థుణ్ణి పట్టారనీ, బిడ్డ తండ్రెవరో తేలిందనీ పేపర్లో చదువుతూ వుంటాం. ఉప్పల్ రోడ్డు మీది సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ ఆ పద్ధతిని మన దేశంలో నిలబెట్టారు. ఆ కృషిలోంచి సి.డి.ఎఫ్.డి. అనే సంస్థ 1990ల్లో పుట్టింది. చాలాకాలం నాచారంలో ఇ.సి.ఐ.ఎల్. రోడ్డు మీద వుండేది. ఆ తర్వాత నాంపల్లిలోనూ నడిచి, ఇప్పుడు ఉప్పల్‌లో ఇన్నర్ రింగు రోడ్డు మీద వుంది. నేరాల కేసులే కాక, పుట్టుకతో వచ్చే జన్యు లోపాలను గుర్తించడం దాని రెండో పని. మన యూరియా పనివాళ్ళ లోపాలు ఆ కోవలోవే. పంజగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో కూడా వైద్య జన్యుశాస్త్ర విభాగం వుంది.

ఇది మనకెందుకు అంటారా? ఒక ఇంట్లో పండంటి బిడ్డ పుట్టాడనుకోండి. మొదటి రోజు పాలు బాగానే తాగాడు. రెండో రోజు, మూడో రోజు పాలు లాగడం మానేశాడు. ఒకటే మగత. వాంతులు, రొప్పు, తర్వాత ఫిట్సు. రక్తంలో విషక్రిమి చేరిందనుకుని ఆ మందులు మొదలు పెడతారు. అది పొరపాటు కాదు, చాలామందిలో అదే అవుతుంది. కాని మందులకు లొంగకపోతే రక్తంలో అమోనియా చూడాలి. ఆ రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ప్రయోగశాలకు చేర్చాలి, ఆలస్యమైతే లెక్క తప్పు వస్తుంది. 'డాక్టరుగారూ, అమోనియా చూశారా?' అని బాలింత తల్లో, పిన్నో, ఎవరైనా సరే అడగవచ్చు. సిగ్గు పడవలసింది ఏమీ లేదు. గంటలు గడిచేకొద్దీ మెదడు దెబ్బతింటుంది. సమయానికి పట్టుకుంటే అమోనియాను దించే మందులున్నాయి, డయాలిసిస్ వుంది, తర్వాత కాలేయ మార్పిడి కూడా వుంది. మీ అంతట మీరు తల్లిపాలు ఆపడం మాత్రం చెయ్యకండి. అది డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

ఈ లోపాల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రులిద్దరూ చెరొక లోపపు జన్యువును మోస్తున్నప్పుడే బయటపడతాయి. ఇద్దరూ ఆరోగ్యంగానే వుంటారు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఒకే తాతగారి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకోవడం తేలిక. రెండో ఎంజైము లోపం ఒక్కటీ వేరు, అది తల్లి ద్వారా కొడుకులకు గట్టిగా తగులుతుంది. దాన్ని మోసే ఆడవాళ్ళలో కొందరికి చిన్నప్పటి నుంచీ మాంసమంటే వెగటు. కాన్పు తర్వాత వారం పది రోజుల్లో తికమకగా మాట్లాడుతూ, మగతగా పడివుంటే గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయిన ఇళ్ళు లేకపోలేదు. అలాంటప్పుడు కూడా అమోనియా చూడాలి. ఇక కోడలి గర్భమే మంచిది కాదని అత్తగారు సణిగితే, నాలుగింట ఒక వంతులో సగం లెక్క తన కొడుకుదని ఆవిడకు ఎవరైనా చెప్పాలి.

బిడ్డ దక్కని ఇళ్ళలో ఆ దుఃఖంలో ఎవరికీ తోచని పని ఒకటి వుంది. బిడ్డ రక్తం ఒకటి రెండు మిల్లీలీటర్లు తీయించి, లేదా ప్రత్యేకమైన కాగితం మీద కొన్ని చుక్కలు ఆరబెట్టించి దాచమని డాక్టరును అడగండి. ఏ జన్యువులో ఏ లోపమో దానిలోంచే తేలుతుంది. అది తేలితే మళ్ళీ కడుపు పండినప్పుడు 11వ వారం నుంచి 13వ వారం లోపల మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, బిడ్డకు ఆ లోపం వుందో లేదో చెప్పగలరు. ఏ లోపమో తెలియకుండా వెళితే ఆ పరీక్ష చెయ్యడం చాలా కష్టం. కనుక గర్భం నిలవక ముందే పాత కాగితాలన్నీ తీసుకుని, భార్యాభర్తలిద్దరూ కలిసి జన్యు వైద్యుల దగ్గరకు వెళ్ళాలి.